దినమునకొక మూర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. సహకార పరపతి సంఘములో లెక్కలు వ్రాసి జీవించువాడను. మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దగువరకు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. వారి చిట్టాలు చూచి అక్షరములు దిద్దుకొంటిని. ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి భారతము చదివి పద్యము నేర్చుకొంటిని. గురువు లేని చదువు గనుక దోషములుండును. పెద్దలు మన్నింతురు గాక.

నేనేదో కావ్యమును గూర్చి ప్రసంగింతునని కొందరనుకొనియుందురు. నేడు నేను నడకను గూర్చి మాటలాడదలచితిని. మన తుంగభద్ర గట్టుమీద నాలుగు మాసములు నడక నేర్చి, అటుపిమ్మట శ్రీశైలమునకు కాలినడకను పోయిన వృత్తాంతమిది. దీనికిని గ్రంథాలయమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. తుదివరకు విన్నచో ఆ సంబంధము మీకే తెలియగలదు.

మొదట నా పరాజయమును చెప్పుకొనుట న్యాయము. 2022వ సంవత్సరమున శివరాత్రి మార్చి 1వ తేదీన వచ్చెను. మా అక్కయ్య నాకన్న ఆరేండ్లు పెద్దది. ఆమెకు చిరకాలముగా నొక కోరిక యుండెను. అడవిదారిని నడచిపోయి, శివరాత్రినాటి నడిరేయి మల్లికార్జునస్వామికి జరుగు పాగాలంకరణమును కన్నులార చూడవలెనని ఆమె యెన్నియో యేండ్లు తలచెను. పిల్లల చదువులని ఒక యేడు, పొలము పనియని ఒక యేడు, ఇంట రోగులని మరియొక యేడు అది వాయిదా పడుచు వచ్చినది. ఆ యేటికి కుదిరినది. నేను తోడు వచ్చెదనంటిని. "నీకు నడక యాడ అలవాటప్పా?" అని ఆమె సందేహించెను. "దినమంతా తిరుగుతానే ఉంటా గదక్కా" అని నవ్వితిని. దినమంతయు నేను తిరుగునది కుర్చీనుండి బీరువాకు, బీరువానుండి కుర్చీకి.

ప్రయాణమునకు ముందునాడు కర్నూలులో క్రొత్త బూట్లు కొంటిని. ఆత్మకూరు వరకు బస్సులో పోయి, వెంకటాపురము దాటి అడవిలో ప్రవేశించితిమి. నాగలూటి వీరభద్రస్వామి గుడి చేరునప్పటికే రెండు మడమలును బొబ్బలెక్కినవి. పెచ్చెరువు చేరునప్పటికి తొడలు బిగిసి, మోకాలు వంగుట మానినది. అక్కడి పందిరిలో కూలబడితిని. మరునాడును లేవలేకపోతిని. మాతో వచ్చినవారు ముందుకు సాగిరి. నీవును వారితో పొమ్మని అక్కయ్యను ఎంతయో బ్రతిమాలితిని. ఆమె కదలలేదు. "నిన్ను యిడిసిపెట్టి యాడికి పోతానప్పా. పాగా యాడికీ పోదు, మళ్ళా యేడు చూద్దాంలే" అనెను.

ఆ శివరాత్రి మేము పెచ్చెరువు పందిరిలోనే గడపితిమి. గుంపులు గుంపులుగా జనము దీపములు పట్టుకొని, మల్లన్నను తలచుకొనుచు మా యెదుటనే పోవుచుండిరి. అక్కయ్య వారిని చూచుచు కూర్చుండెను. నన్ను ఒక్కమాటయైన అనలేదు. మరునాడు సామానులు తెచ్చిన ట్రాక్టరుమీద నన్నెక్కించుకొని వెనుదిరిగెను.

తిక్కనగారి భారతమున మహాప్రస్థానిక పర్వము మీలో పెక్కుమంది చదివియుందురు. ద్రౌపదియు తమ్ములును దారిలో ఒక్కొక్కరే పడిపోవుదురు. ధర్మరాజు వెనుదిరిగి చూడక ముందుకు సాగును. అది స్వర్గమునకు పోవు దారి. అక్కడి ధర్మము వేరు. మన యూరి యాత్ర మహాప్రస్థానము కాదు. ఇక్కడ ఒకడు పడినచో తోడివాడు ఆగవలసినదే. పడినవాడు తన యాత్రను మాత్రమే పోగొట్టుకొనునని నేను అంతవరకు అనుకొంటిని. తోడివాని యాత్రను గూడ పోగొట్టునని ఆ రాత్రి తెలిసికొంటిని.

మళ్ళా యేడు అనుట సులభము. ఆ వేసవిలోనే అక్కయ్య మోకాలు అరిగినదనియు, కొండమెట్లు ఎక్కి దిగరాదనియు వైద్యుడు చెప్పెను. ఆమె నడువగలిగిన కడపటి యేడు ఏదియో అది నా మడమల బొబ్బలలో కరగిపోయినది. ఇది నా లెక్కలో తీరని బాకీ.

ఆ దినములలో మనసు కుదురుపడక సాయంకాలములు ఇక్కడికి వచ్చి కూర్చుండువాడను. శ్రీశైలమును గూర్చిన పుస్తకములు వరుసగా తీసితిని. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమును చదివితిని. ఏడువందల యేండ్లకు పూర్వము సైతము జనము ఈ కొండకే నడచిపోయిరి గదా యని ఆశ్చర్యము కలిగినది. ఎఱ్ఱన హరివంశమును అంకితమందిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెనని చదివితిని. రాజు సైతము యాత్రికుని మోకాళ్ళను తలచెనే, నా మోకాళ్ళను నేనే తలపనైతినే యని సిగ్గుపడితిని.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర నాకు మరింత ఉపకరించినది. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరెను. పోవుచు ఆత్మకూరునుండి ఈ యడవిదారినే శ్రీశైలమును దర్శించెను. మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, దారి యెట్టిది, నీరు దొరకునా, దిగుటకు చోటున్నదా యని ఆయన వ్రాసికొనుచు పోయెను. లెక్క వ్రాయువాడను గనుక నాకది నచ్చినది. నేను బయలుదేరునప్పుడు నాయొద్ద ఇట్టి లెక్క యొక్కటియు లేదు.

అట్లే పాగాను గూర్చియు చదివితిని. అది చీరాల ప్రాంతపు నేతకుటుంబమువారు వంశపారంపర్యముగా నేసి సమర్పించు వస్త్రము. దినమునకొక మూర చొప్పున, సంవత్సరమంతయు, 365 మూరలు నేయుదురు. శివరాత్రినాటి నడిరేయి దేవాలయమున దీపములన్నియు ఆర్పివేయుదురు. ఆ చీకటిలో నేతగాడు దిగంబరుడై విమానశిఖరమునుండి ముఖమండపముమీది నందులవరకు ఆ పాగాను చుట్టును. చూచువారికి అది ఒక రాత్రి వేడుక. నేయువానికి అది ఒక సంవత్సరపు పని. ఈ మాట చదివి పుస్తకము మూసితిని. నాకు కావలసిన ఉపదేశము దొరికినది.

2022 అక్టోబరు 26, కార్తిక శుద్ధ పాడ్యమినాడు తెల్లవారుజామున రేవులో దిగి, గట్టెక్కి నడక మొదలిడితిని. నాకు మధుమేహము గలదు. కావున అంతకుముందే వైద్యునకు చూపించుకొంటిని. పాదములలో స్పర్శ సరిగా నున్నదా యని ఆయన పరీక్షించి అనుమతించెను. ఆ వ్యాధి గలవారు ఈ పరీక్ష లేకుండ దూరపు నడకకు పూనుకొనరాదు. స్పర్శ తగ్గిన కాలికి గాయమైనను తెలియదు.

మన గట్టు మీకు తెలిసినదే. ఒకవైపు తుంగభద్ర, మరియొకవైపు సుంకేసులనుండి వచ్చు కర్నూలు కడప కాలువ. ఒకప్పుడు పడవలు నడచుటకు గూడ త్రవ్విన కాలువ యది. 2009 అక్టోబరునాటి వరద గీత నిలిచియున్న రేవుగుడి గోడనుండి ఎత్తిపోతల పంపుహౌసు వరకు కిలోమీటరున్నర. పోయివచ్చిన మూడు. మొదటి మాసమంతయు దినమునకు ఆ మూడే. ఆదివారము మాత్రము ఆరు. మార్గశిరమున దినమునకు ఐదు, ఆదివారము పండ్రెండు. పుష్యమున దినమునకు ఆరు, ఆదివారము పదునెనిమిది. మాఘమున ఆదివారము ఇరువదిరెండు నడచి, సోమవారము సెలవు పెట్టి మరల పదునైదు నడచితిని. యాత్రలో అలసిన కాళ్ళతోనే మరునాడు లేచి నడువవలసియుండును గదా! ప్రతి నాలుగవ వారమున దూరమును తగ్గించితిని. కడపటి పది దినములు సగమునకు దించితిని. కండ బలపడునది నడకలో కాదు, నడక తరువాతి విశ్రాంతిలో.

ఇంత మెల్లగా నేల యని మన యువకులు నవ్విరి. కారణము గలదు. ఊపిరి కొలది వారములలోనే అలవడును. కండను ఎముకకు బిగించు కట్లును, కీళ్ళును గట్టిపడుటకు మాసములు కావలెను. ఊపిరి సాగుచున్నది గదా యని తొందరపడినవానిని కీళ్ళు మోసపుచ్చును.

ఈ సత్యము నాకును ఒక దెబ్బతో గాని తెలియలేదు. పుష్యమాసమున సంఘములో ఆడిట్ జరిగి ఐదు దినములు నడక తప్పినది. లెక్కలవాడను గదా! బాకీ మిగులనీయరాదని ఆరవనాడు పదునైదు కిలోమీటర్లు ఒక్కుమ్మడిగా నడచితిని. పిక్కముందరి యెముక వెంట నొప్పి పుట్టి వారము దినములు కుంటితిని. సంఘములో బకాయి వడ్డీతో చెల్లించినచో జమ కట్టుకొందుము. కాలు బకాయిలను జమ కట్టుకొనదు. పోయిన దినము పోయినదే. నేటి మూరను నేడే నేయవలెను.

మన గట్టు అన్నియు నేర్పును గాని ఒకటి నేర్పదు. అది చదునైనది. అడవిదారిలో మఠంబావి దాటి భీముని కొలనునకు లోయలోనికి దిగవలెను. అక్కడినుండి కైలాసద్వారమునకు నిట్టనిలువుగా మెట్లెక్కవలెను. ఎక్కుట ఆయాసము, దిగుట అపాయము. దిగునప్పుడు తొడకండ సాగుచునే బరువును ఆపవలసియుండును. అలవాటులేని కండ అందువలననే మరునాటికి కట్టెవలె బిగిసిపోవును. ముందుగా కొలదికొలదిగా దిగుట నేర్పినచో ఆ బాధ మిక్కిలి తగ్గును. మనకు కొండ లేదు గాని 2020 పుష్కరములకు కట్టిన స్నానఘట్టపు మెట్లున్నవి. మంగళ శుక్రవారములు వానిని పదిసార్లతో మొదలిడి నలుబదిసార్లు ఎక్కిదిగితిని. కడపటి మాసమున వీపున ఐదు కిలోల బరువు పెట్టుకొంటిని. ఆ బరువేమనుకొన్నారు? ఇంటనున్న మా తండ్రిగారి పాత చిట్టాలు. వారు జీవించియుండగా మోయవలసిన బరువును ఇన్నాళ్ళకు మోసితినని అక్కయ్య నవ్వెను.

ఇక పాదరక్షలు. వట్టికాళ్ళతో నడచుటయే పుణ్యమని కొందరందురు. వారి భక్తికి నమస్కారము. మధుమేహము గలవాడు మాత్రము ఆ పని చేయరాదు. బూట్లు సాయంకాలము కొనవలెను. అప్పటికి పాదము కొంత ఉబ్బియుండును. బొటనవ్రేలి ముందు వ్రేలెడు చోటుండవలెను. యాత్రకు ముందు వానితో కనీసము వంద కిలోమీటర్లయినను నడచియుండవలెను. బొబ్బకు మూడు కారణములు: రాపిడి, తడి, వేడి. తడిసిన మేజోళ్ళు మార్చుకొనుచుండవలెను. మంట పుట్టినచోట, బొబ్బ లేవకమునుపే, ఆగి అంటుపట్టీ వేయవలెను. పది నిమిషములు ఆగుటకు సిగ్గుపడినవాడు రెండు దినములు పందిరిలో పడియుండును. నన్ను చూచితిరి గదా!

చెమటతో నీరేకాక ఉప్పును పోవును. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు తలకొట్టి కలిపినచో ఇంటనే ఓ.ఆర్.ఎస్. సిద్ధమగును. ఆ కొలత మించరాదు. మధుమేహము గలవారు వైద్యుని అడిగియే త్రాగవలెను.

నాలుగు మాసములలో నేను కాళ్ళను మాత్రమే సాధన చేసితిననుకొంటిని. అంతలో నదియు తెలిసినది. యాబదియేండ్లకు పైగా దాని యొడ్డున నివసించియు దానిని చూచియుండలేదు. కార్తికమున నీటిపై అరటిదొన్నెల దీపములు. మార్గశిరపు మంచులో ఆవలియొడ్డు కానరాదు. చాకిరేవులో బండమోత మాత్రము వినబడును. కడవాన కురిసిన మరునాడు గట్టుమీది నల్లరేగడి బూటునకు అంటి కాలొక్కింటికి సేరు బరువు పెరుగును. పుష్యమున జొన్న వెన్ను వేయును. మాఘము వచ్చునప్పటికి నది సన్నగిల్లి ఇసుక బయటపడును. దినదినము నడచినవానికి గాని ఈ మార్పు కనబడదు.

2023 ఫిబ్రవరి 13న మరి నలుగురితో గూడి ఇంటినుండియే కాలినడకను బయలుదేరితిని. నా లెక్కకు మొత్తము సుమారు 130 కిలోమీటర్లు. మూడు దినములకు ఆత్మకూరు చేరితిమి. 16న అడవిలో ప్రవేశించి రాత్రికి పెచ్చెరువు చేరితిమి. అది పులుల అభయారణ్యము. అటవీశాఖవారు అనుమతించిన దినములలోనే, చూపిన దారినే నడువవలెను. పోయిన యేడు కూలబడిన పందిరి చోటున కొంతసేపు నిలుచుంటిని. మరునాడు మఠంబావి దిగుడులో మాలోని పాతికేండ్ల యువకుడు, ఘట్టపు మెట్లయొద్ద నన్ను చూచి నవ్వినవాడే, మడమ పట్టుకొని కూర్చుండెను. వానిని ఏమియు అనలేదు. నా సంచిలో అంటుపట్టీ యుండెను. అరగంట ఆగితిమి. అందరమును కలసియే కైలాసద్వారము ఎక్కితిమి. సాయంకాలమునకు శ్రీశైలము చేరితిమి.

అక్కయ్య తన కుమార్తెతో బస్సులో వచ్చియుండెను. 18న శివరాత్రి. ప్రాంగణమున దొరికినచోట నేలమీద కూర్చుంటిమి. నడిరేయి దీపములారినవి. అంత జనము ఒక్కసారిగా నిశ్శబ్దమైనది. చీకటిలో ఏమియు స్పష్టముగా కానరాలేదు. పైన తెల్లనిదేదో మెల్లగా కదలుచున్నట్లు మాత్రము తోచినది. అక్కయ్య నా చేయి పట్టుకొనెను. దీపములు మరల వెలిగినప్పుడు విమానమునుండి నందులవరకు పాగా చుట్టియుండెను. ఆమె కన్నులు తుడుచుకొని మొదట అడిగిన మాట యిది: "భీమునికొలనులో నీళ్ళున్నాయా నాయనా?"

ఆమె పాగాను చూచెను, నేను సంతోషించితిని. అయినను ఆమె కోరినది నడచివచ్చి చూడవలెనని. ఆ సగము బాకీ అట్లే నిలిచియున్నది. నేను భీముని కొలనును, మెట్లను, లోయలోని గాలిని తెల్లవారువరకు ఆమెకు చెప్పితిని. చెప్పగలిగినది అంతే.

స్వామిపై భారము వేసి నడువవలె గాని ఈ అభ్యాసమంతయు ఏల యని పెద్దలొకరు నన్నడిగిరి. వినయముతో మనవి చేయుచున్నాను. భారము స్వామిపై వేసితినని నేననుకొంటిని; అది మా అక్కయ్యపై పడినది. అభ్యాసము భక్తికి లోటు కాదు. తోడివానికి మనము భారము కాకుండుటకు చేయు ఏర్పాటది.

గ్రంథాలయముతో సంబంధమేమని మొదట అంటిని. నేను భారతమును చదివినదియు ఇట్లే. దినమునకొక పద్యము, తెలియని మాటకు నిఘంటువు, తప్పిన దినమును మరునాడు పూరింపబోయిన యెడల రెండు పద్యములును తలకెక్కెడివి కావు. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదియు ఇట్లే. ప్రతిదినము సాయంకాలము ఎవరో యొకరు తలుపు తీసి, బల్ల తుడిచి, దీపము వెలిగించిరి. నేడు జరుగు ఉత్సవము పాగా చుట్టిన రాత్రివంటిది. ఆ తలుపు తీసినవారి చేతులు దానిని నేసినవి. వారికి నా నమస్కారములు.

చివరకొక విన్నపము. ఈ గ్రంథాలయపు బల్లమీద ఒక చిట్టా పెట్టితిని. వచ్చు శివరాత్రికి నడువదలచినవారు అందు పేరు వ్రాసి, ప్రతిదినము నడచిన దూరమును వ్రాయుడు. కార్తిక శుద్ధ పాడ్యమినాటి తెల్లవారుజామున రేవుగుడి యొద్ద కలసికొందము. శ్రీశైలమునకు రాలేనివారును పేరు వ్రాయవచ్చును. ఆ చిట్టాలో మొదటి పేరు మా అక్కయ్యది. వైద్యుడు చదునునేలపై మెల్లగా నడువవచ్చునని చెప్పగా, ఆమె ప్రతిదినము గుడినుండి చాకిరేవు వరకు నడచి వచ్చుచున్నది. దూరము పావు కిలోమీటరు. ఇంతవరకు ఒక్కదినమును తప్పలేదు.